జబ్బు చేయని పిల్లలు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, ముసురు విడవని చలికాలంలో, నేను మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారికి కొంచెం ఎడంగా ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. అప్పటికి మదనపల్లె ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. అంతకు ముందు చాలా ఏళ్లు కుప్పంలో చేసి, బదిలీ మీద అక్కడికి వచ్చాను. సూపర్‌వైజరంటే పెద్ద హోదా ఏమీ కాదు. పైన డాక్టరు, కింద హెల్త్ అసిస్టెంట్లు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, నడిమధ్యన మేము. పని బాగుంటే ఎవరూ అడగరు. చెడితే మెమో మాత్రం మా పేరనే వస్తుంది.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఇంటింటికీ తిరిగి జ్వరం వచ్చినవాళ్ల వేలి నుంచి రక్తపు చుక్క తీసే మలేరియా పనివాడిగా ఉద్యోగంలో చేరాను. అంటురోగాల శాస్త్రం నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆస్పత్రుల్లో అటకెక్కించిన పాత ఇంగ్లీషు పుస్తకాలు అడిగి తెచ్చుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నాను. తిండి వల్ల వచ్చే జబ్బులంటే ఇప్పటి జనానికి పేపర్లో ఒక ఫోటో, ఆస్పత్రి మంచాల మీద పిల్లలు, కింద ‘బాధ్యులపై చర్యలు’ అని ఒక మాట. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా కేంద్రం కింద ఉన్న ఒక పల్లెలో జరిగింది. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. మెట్ట పొలాల ఊరు. బోర్లు పడిన రైతులు టమోటా, మల్బరీ వేసి, పట్టుపురుగులు పెంచేవాళ్లు. రోడ్డుకు ఇవతల ఊరు, అవతల కాలనీ. కాలనీవాళ్లు ఒక తరం కిందటి దాకా ఊళ్లో రైతుల దగ్గర కూలీలే. నేను చూసేసరికి సగం ఇళ్లకు నెలజీతం వస్తోంది. ఊరికీ కాలనీకీ కలిపి ఒకటే బడి. ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండేది అంజనమ్మ, కాలనీ మనిషి. ఆమె భర్త అంగళ్లు అనే ఊరి దగ్గర ఒక కాలేజీలో వాచ్‌మన్.

ఒక సాయంత్రం బడి వదిలే వేళకు పిల్లలు కొందరు కడుపు పట్టుకుని వరండాలో కూలబడ్డారు. ఇంటికి చేరేలోపల విరేచనాలు మొదలయ్యాయి. దీపాలు పెట్టేసరికి ఇంటికొక పిల్లవాడు పడక మీద ఉన్నాడు. ఆశా కార్యకర్త ఫోను చేయగానే డాక్టరమ్మ నన్నూ, ఇద్దరు హెల్త్ అసిస్టెంట్లనూ వెంటబెట్టుకుని బయలుదేరింది. ఆమె ఉద్యోగంలోకి వచ్చి ఎన్నో నెలలు కాలేదు. అయినా తొణకని మనిషి. బాగా నీరసించిన పిల్లలను 108 వాహనంలో మదనపల్లె ఆస్పత్రికి పంపింది. మిగిలినవాళ్లకు బడి వరండాలోనే ఓఆర్ఎస్ నీళ్లు తాగించాం.

ఇటువంటప్పుడు మా పని వరుస ఒకటి ఉంటుంది. మొదట ప్రాణం. తరువాత మిగిలిన తిండి, నీళ్లు, రోగుల విరేచనం, వీటి నుంచి మాదిరి తీసి, చల్లటి పెట్టెలో పెట్టి ల్యాబుకు పంపడం. ఆ తరువాత లైన్ లిస్టు, అంటే జబ్బుపడిన ప్రతి మనిషికీ ఒక వరుస రాసి వయసు, ఇల్లు, ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఏ లక్షణం ఎప్పుడు మొదలైంది అని నింపడం. నిబంధన ప్రకారం అంజనమ్మ ఆ పూట వంటలోంచి కొంచెం డబ్బాలో తీసిపెట్టి ఉంచింది. అన్నం, సాంబారు, గుడ్డు. డబ్బాకు మేము సీలు వేస్తూంటే ఆమె గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు.

మాట్లాడటం మరునాడు పొద్దున మొదలైంది.

బడి గేటు దగ్గర ఊరి ఆడవాళ్లు, మగవాళ్లు గుమిగూడి ఉన్నారు. ఒకామె చీర చెంగు నడుముకు బిగించి ముందుకొచ్చి అడిగింది: "ఏం కలిపినావే సాంబార్లో? నోరు తెరిసి సెప్పు!"

"నేనేం కలుపుతానమ్మా? రోజూ ఏసేదే ఏసినా" అంది అంజనమ్మ.

"మొదటి నుంచీ సెప్తానే ఉండాం, ఆ యమ్మ సేతి కూడు మా పిలకాయలకొద్దని. ఇన్నారా ఎవురన్నా?" అన్నాడు వెనకనుంచి ఒకాయన. ఈ మాట కొత్తది కాదు. ఆమె చేరిన రోజు నుంచీ ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లు పిల్లలకు క్యారియర్లు కట్టి పంపేవాళ్లు. కడుపు నొప్పి ఒకరోజుది, కడుపులో మంట అంతకు ముందు నుంచీ ఉన్నది.

అంతటితో ఆగి ఉంటే అది వట్టి అనుమానమే. కానీ నేను రాసిన లైన్ లిస్టులోంచే ఒక సంగతి బయటికి పొక్కింది. జబ్బుపడిన పిల్లలందరూ ఊరివాళ్లే. కాలనీ పిల్లలు ఒక్కరూ పడలేదు. ఈ మాట గేటు దగ్గరికి చేరేసరికి నిప్పంటుకుంది.

"ఒకే పంక్తిలో తినిరి గదా! మరి ఆ పిలకాయలకు యాల రాలేదు? వాళ్లకొక గంటె, మావాళ్లకొక గంటె. ఇంకేం రుజువు కావాలప్పా మీకు?"

అంజనమ్మ నావైపు తిరిగి, గొంతు పెద్దది చేయకుండా అడిగింది: "నా కొడుకు గూడా ఆ పంక్తిలోనే కూసున్యాడు సారూ. వాడికి జబ్బు రాకపోవడం గూడా నా తప్పేనా?"

మధ్యాహ్నానికి ఆమె విషం కలిపిందని పోలీసులకు అర్జీ పోయింది. ఎస్ఐ వచ్చి, విచారణ తేలేదాకా ఊరు విడిచి పోవద్దని చెప్పాడు. విద్యాశాఖవాళ్లు ఆమెను వంట నుంచి పక్కన పెట్టారు. సాయంత్రం ఒక విలేకరి ఫోను చేసి, "విషాహారమే కదా సార్, ఒక్క మాట అనండి చాలు" అన్నాడు. అనలేదు. అయినా మర్నాడు ఆ మాట నేను అన్నట్టే అచ్చయింది. అర్జీ కేసుగా మారితే అంజనమ్మ అరెస్టవుతుంది. అరెస్టయితే భర్త వాచ్‌మన్ పని కూడా నిలబడదు. ఆ ఊళ్లో ఇక ఆ కుటుంబం తలెత్తుకుని బతకలేదు. ఇవన్నీ తేలాల్సింది మా కాగితాల మీద. ల్యాబు ఫలితం వచ్చేలోపల ఊరు తన తీర్పు తాను ఇచ్చేసుకుంది.

డాక్టరమ్మ ఆ రోజు నన్ను కూర్చోబెట్టి రోగుల లక్షణాలు వరుసగా చదివించుకుంది. పిల్లల్లో వాంతులు దాదాపు లేవు. జ్వరం లేదు. మెలిపెట్టే కడుపు నొప్పి, నీళ్ల విరేచనాలు. "విషం పడితే ముందు వాంతి అవుతుంది. వంటమనిషి చేతి పుండు నుంచి వచ్చే రకమైనా ముందు వాంతే. ఇది ఆ దారిలో లేదు, ఇటువంటిది తిన్న ఏడెనిమిది గంటలకు గానీ బయటపడదు. పొద్దునో, అంతకు ముందో తిన్నది అయివుండాలి. కానీ ఇది సందేహమే, సాక్ష్యం కాదు. సాక్ష్యం కావాలి" అంది.

సాక్ష్యం ఎక్కడుందో నాకు ఆ గేటు దగ్గరే తోచింది. మందు ఇచ్చేవాడికి జబ్బుపడ్డవాళ్లు చాలు. ఆరా తీసేవాడికి జబ్బుపడనివాళ్లు కూడా కావాలి. ఒకే గుండిగ, ఒకే గంటె, ఒకే పంక్తి. ఇద్దరు టీచర్లు కూడా అదే సాంబారు తిని నిక్షేపంగా ఉన్నారు. క్యారియరు తెచ్చుకుని, బడి అన్నం ముట్టని ఊరి పిల్లల్లో మాత్రం కొందరు పడ్డారు. కాలనీ పిల్లలు పడలేదన్నది నిజమే. కాకపోతే ఊరివాళ్లు ఆ నిజాన్ని పట్టుకుని అంజనమ్మ దగ్గరికి పోయారు. మేము దాన్ని పట్టుకుని ఇంకో ప్రశ్న దగ్గరికి పోవాలి. ఊరి పిల్లలు తిన్నది, కాలనీ పిల్లలు తిననిది ఏమిటి?

పేపర్లో వార్త పడిన రోజే ఇంటింటికీ తిరిగాను. జబ్బుపడిన రోజు బడికి పోయేముందు పిల్లలు ఏం తిన్నారని అడిగితే ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు: రాగి సంగటి, రోట్లో నూరిన ఊరుబిండి. ఒక ఇంట్లో కాదు, అన్ని ఇళ్లలోనూ. నా అనుభవంలో నిజం ఇంటికొక రకంగా ఉంటుంది. అందరూ ఒకే మాట చెప్పారంటే అది ఎక్కడో కూడబలుక్కున్న మాట.

ఒక ఇంటి పంచలో ముసలాయన మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. కళ్లు లోతుకు పోయాయి. చెయ్యి పట్టి చర్మం లాగితే ముడత అట్లాగే నిలిచింది, ఒంట్లో నీళ్లు పోయినవాళ్లకు అట్లా నిలుస్తుంది.

"ఏం తాతా, నువ్వు గూడా బడికి పోయి సాంబారు తిన్నావా?" అన్నాను.

"పోయినాలే, పలకా బలపం సంకన పెట్టుకోని" అని బోసినోటితో నవ్వాడు. "బడి లేదు, గిడి లేదప్పా. పొద్దన్నే ఏదో అమ్మ పెసాదం ఇంత నోట్లో..."

లోపలి నుంచి కోడలు వచ్చింది. "మామా, నువ్వు గమ్మునుండు. జరం మాటలు సారూ, పట్టించుకోవద్దండి" అంది. ముసలాయనకు జ్వరం లేదు. ఆ మాట ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

అంత వరకూ పిల్లలే అనుకున్న జబ్బు పెద్దవాళ్లలోనూ ఉందని అప్పుడు తెలిసింది. పెద్దవాళ్లు దాచారు. అమ్మవారి ప్రసాదం తిని జబ్బుపడ్డామంటే ఆ ఇంట్లో ఏదో మైల జరిగిందనో, అమ్మకు కోపం వచ్చిందనో అర్థం. ఎవరు నోరు తెరుస్తారు? ఊరి నడుమ గంగులప్ప అనే పెద్ద రైతు ఇల్లు. వాళ్లింట్లో ముందురోజు పొద్దునే ఆయన తల్లి పోయింది. పలకరించడానికి పోయి, పెద్దామెకు ఏమన్నా అనారోగ్యమా అని అడిగాను. "వయసప్పా. రాలిపోయే ఆకు" అన్నాడు. చావు ఇంట్లో అంతకు మించి అడగడం నాకు చేత కాలేదు.

ఆ సాయంత్రం కుప్పం నుంచి మునిరత్నం ఫోను చేశాడు. నాతో కలిసి అక్కడ పనిచేసిన హెల్త్ అసిస్టెంటు. పేపరు చూసి పలకరించాడు. మాటల్లో, శాంతిపురం వైపు తన పరిధిలో ఒక ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఒకేసారి విరేచనాలతో పడ్డారని, ఆ ఇంటి ఇల్లాలి పుట్టినూరు ఈ పల్లెనే అని చెప్పాడు. "మీ ఊరి జబ్బు బస్సెక్కి వచ్చినట్టుండాదే సామీ" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచాను. ఆ ఇల్లు ఆ బడిని చూడలేదు. అంజనమ్మ సాంబారు ఆ ఇంటికి పోలేదు.

డాక్టరమ్మ అనుమతి తీసుకుని, చల్లటి పెట్టె వెంటబెట్టుకుని, మర్నాడు పుంగనూరు మీదుగా కుప్పం బస్సెక్కాను. ఆ ఇల్లాలి పేరు సుగుణ. గంగులప్ప కూతురే. మొగుడు గ్రానైటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అందరూ కోలుకుంటున్నారు, పడకలో ఉండి అవ్వ చావుకు కూడా పోలేకపోయారు. నేను ఎవరినో చెప్పగానే కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, దాపరికం లేకుండా మాట్లాడింది. ఎందుకంటే ఊళ్లో ఏం మాట దాస్తున్నారో ఆమెకు తెలియదు.

"మా నాయన దేవర చేసినాడప్పా, గంగమ్మకు పొట్టేలు కోసినాడు. మా ఆయనకు సెలవు దొరకలేదని పోలేదు. మధ్యాన్నం బస్సులో క్యారియరు పంపిచ్చినాడు. రేత్రి తింటిమి. తెల్లారేసరికి ఒకరెనక ఒకరు."

"వేడి చేసి తిన్నారా అమ్మా?"

ఆమె నావైపు వింతగా చూసింది. "దేవర కూర యాడన్నా మళ్లా పొయ్యెక్కిస్తారా? పొయ్యెక్కిస్తే అది ఇంటి కూడవుతుంది గానీ అమ్మ కూడు కాదు గదా."

ఊళ్లో పొద్దున తిని సాయంత్రం పడ్డారు. ఇక్కడ రాత్రి తిని తెల్లవారి పడ్డారు. తిన్న వేళ మారితే పడిన వేళ కూడా దానితోపాటే మారింది. బడి భోజనం వేళకు ఈ లెక్కలో చోటే లేదు. అన్నిటికీ మించి, దేవర కూర కాలవలో పారబోయకూడదని సుగుణ మిగిలింది గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచింది. ఊళ్లో గుండిగ అప్పటికే తోమేశారు. ఆ గిన్నె ఒక్కటే మిగిలిన సాక్ష్యం.

మాదిరి తీసి సీలు వేస్తూ, అంజనమ్మ మీద పోయిన అర్జీ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె గిన్నె మీద మూత పెట్టింది. తరువాత అడిగింది: "అయితే మా అవ్వ గూడా...?"

ఆమె ఫోను తీసి తండ్రికి చేసింది. నా ఎదురుగానే మాట్లాడింది.

"నాయనా, నాకొక మాట సెప్పు. నా పిలకాయలు ఆ యమ్మ బువ్వ తినలేదు గదా? యాల పడినారు మరి?" అటువైపు నుంచి ఏదో అన్నాడు. "అట్ల గాదు. అవ్వకు ఆ రోజు ఏమయిందో నాకు యాల సెప్పలేదు నువ్వు? వయసంటివే!" మళ్లీ ఏదో అన్నాడు. "అమ్మ పేరు సెడుతుందా? ఆ అంజనమ్మ జైలుకు పోతే అప్పుడు బాగుపడుతుందా అమ్మ పేరు? సూడు నాయనా, నువ్వు సెప్పకపోతే నేనొచ్చి సెప్తా."

ఆమె అడిగిన మొదటి ప్రశ్న కన్నా మంచి పరీక్ష ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

తిరిగి వచ్చేసరికి గంగులప్ప ఆరోగ్య కేంద్రం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. డాక్టరమ్మనూ నన్నూ తన మల్బరీ తోటకు పిలుచుకుపోయాడు. నడుస్తూ చెప్పాడు. వాళ్లింటి ఆనవాయితీ ప్రకారం పొద్దుగూకే వేళ పొట్టేలును కోసి, అక్కడే వండి, గుండిగకు మూత పెట్టి, దాని మీద తెల్లగుడ్డ బిగించి వాసెన కడతారు. తెల్లవారి అమ్మవారి ముందు దీపం పెట్టి నైవేద్యపు పడి వేసేదాకా ఆ వాసెన విప్పకూడదు, కలపకూడదు, రుచి చూడకూడదు. ప్రతి ఏడూ ఆ గుండిగ తెల్లవార్లూ అమ్మవారి రాయి పక్కన ఆరుబయట ఉండేది. మా వైపు చలికాలం చలి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెల్లారేసరికి గుండిగ రాయిలా చల్లబడేది. ఆ ఏడు ముసురు. వాన నీళ్లు పడతాయని, కుక్కలు ముడతాయని ఆయన దాన్ని పట్టుపురుగుల షెడ్డులో పెట్టి తాళం వేశాడు.

"ఊళ్లో అంత శుభ్రమైన చోటు ఇంకోటి లేదు సారూ. చెప్పులతో ఎవురూ పోరు. బ్లీచింగు నీళ్లలో కాళ్లు కడగందే నేనే పోను. అందుకే ఆడ పెట్టినా."

ఆయన చెప్పింది నిజం. పట్టుపురుగుకు ఏ చిన్న రోగం తగిలినా పంట మొత్తం పోతుంది. అందుకని ఆ షెడ్డును కడిగినట్టు ఆ రైతు తన ఇంటిని కూడా కడగడు. అయితే మర్నాడే కొత్త పురుగులు దిగాల్సి ఉన్నాయి. పిల్ల పురుగులు చలికి తట్టుకోవు. వాటికోసం బొగ్గుల కుంపటి పెట్టి, గోడలకు తడి గోనెపట్టలు కట్టి షెడ్డును ముందుగానే వెచ్చబెట్టి ఉంచారు. తలుపు తీయగానే తడి వేడి ముఖానికి కొట్టింది. డాక్టరమ్మ గోనెపట్టను చేత్తో తాకి చూసి, ఆ రోజు కూడా ఇట్లాగే ఉందా అని అడిగింది. అట్లాగే ఉందన్నాడు.

ఆమె ఆయనకు నిదానంగా చెప్పింది. మాంసంలో ఉండే ఒక రకం క్రిమి ఉడికినా చావదు, గట్టి గింజలాగా మారి తట్టుకుంటుంది. కూర తొందరగా చల్లబడితే ఆ గింజ అట్లాగే పడి ఉంటుంది. గంటల తరబడి వెచ్చగా, గాలి ఆడకుండా మూతపడి ఉంటే మొలిచి పెరుగుతుంది. తినేముందు మళ్లీ మసలకాగిస్తే చాలావరకు చస్తుంది. ఇక్కడ మూత తీయలేదు, కాచలేదు. "మురికి వల్ల రాలేదప్పా ఇది. చోటు శుభ్రంగానే ఉంది. వెచ్చగా ఉంది, అంతే" అంది.

గంగులప్ప తలుపుకు తాళం వేస్తూ అన్నాడు: "మాయమ్మకు పండ్లు లేవు. మెత్తగుంటాదని పులుసు ఎక్కువ పోసిందే నేను."

కాలనీకి ఆ కూర ఎందుకు పోలేదో అప్పుడు అడిగాను. దేవర నాడు ఊళ్లో ఇంటింటికీ ప్రసాదం పంపుతారు. కాలనీవాళ్లు మాత్రం అందరి తరువాత గిన్నెలు తెచ్చుకుని తోట గట్టున నిలబడితే పోస్తారు. అది పాత పద్ధతి. జీతాలు మొదలయ్యాక కాలనీవాళ్లు గిన్నెలు పట్టుకుని రావడం మానుకున్నారు. ఇంటికి తెచ్చి ఇవ్వడం ఊరివాళ్లు మొదలుపెట్టలేదు. ఆ ఎడమే వాళ్ల పిల్లలను కాపాడింది. ఆ కాపాడటమే అంజనమ్మ మెడకు చుట్టుకుంది.

కొన్నాళ్లకు ల్యాబు నుంచి కబురు వచ్చింది. కుప్పం గిన్నెలోనూ, పిల్లల మాదిరుల్లోనూ డాక్టరమ్మ చెప్పిన క్రిమే దొరికింది. బడి డబ్బాలో ఏమీ లేదు. నివేదిక పైకి పంపితే మా పని అయిపోయినట్టే. డాక్టరమ్మ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. బడి గేటు దగ్గరే, అర్జీ మీద వేలిముద్రలు, సంతకాలు వేసినవాళ్లను పిలిపించాం. సగం మంది వచ్చారు. అంజనమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని ఒక పక్కగా నిలబడింది.

నేను ల్యాబు ఫలితం చదవడం ముగించకముందే ఒకాయన లేచాడు. "అమ్మ పెసాదం మింద నింద ఏస్తాండారా? గవర్మెంటోళ్లకు కండ్లు నెత్తికెక్కినాయి!"

అతనికి నేను జవాబు చెప్పేలోపల గంగులప్ప లేచాడు. "అమ్మ మింద కాదు నింద. నేను పెట్టిన చోటు తప్పు. మాయమ్మ అదే తిని పాయె. వయసని మీ అందరికీ సెప్పినా, అబద్ధం సెప్పినా. ఇంక నోరు మూసుకోని కూసో."

అతను కూర్చున్నాడు. అంజనమ్మ ముందుకు వచ్చింది. ఎవరి పేరూ ఎత్తలేదు.

"అర్జీ పెట్టేటప్పుడు గేటు నిండా ఉండారు. ఈ పొద్దు సగం మందే వచ్చినారు. మిగతావాళ్లకు మీరు సెప్తారా, నేనే ఇంటింటికీ పోయి సెప్పాల్నా?"

"నేను సెప్తాలే అంజనమ్మా" అన్నాడు గంగులప్ప. ఆయన చెప్పాడో లేదో నేను వెంటబడి చూడలేదు. అర్జీ మూసేశారు. ఆమెను మళ్లీ వంటకు పిలిచారు. ఊరి పిల్లలు కొందరు ఆ ఏడంతా క్యారియర్లే తెచ్చుకున్నారు. మిగిలినవాళ్లు వేడి అన్నం వాసనకు మెల్లగా పంక్తిలోకి వచ్చారు. ఆమెను నిందించినవాళ్లలో ఒక్కరైనా తప్పయిందని అన్నట్టు నేను వినలేదు. గంగులప్ప, తల్లి చావుకు రిజిస్టరులో మొదట రాసిన కారణం కొట్టేయించి, అసలు కారణం రాయమని తానే వచ్చి అడిగాడు. ఆ ఇంటి దేవర కూడా మారింది. మరుసటి ఏటి నుంచి పొట్టేలును తెల్లవారుజామున కోసి, ఉడుకుతుండగానే పడి వేస్తున్నారు. పెద్దలు ఒప్పుకోవడానికి నాకూ డాక్టరమ్మకూ చాలాసార్లు తిరగాల్సివచ్చింది. మా భాషలో జబ్బును అదుపు చేయడమంటే అదే. మనిషిని పక్కన పెట్టి మరుసటి ఏడు అదే గుండిగను అదే షెడ్డులో పెట్టుకుంటే ఏం అదుపయినట్టు?

అన్నం పెట్టేవాళ్లలో ఎవరికి అండ తక్కువో వేలు ముందు వాళ్ల వైపే పోతుంది. ఈ సంగతి నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఆ తరువాత రిటైరయ్యేదాకా ఏ ఊళ్లో విచారణకు పోయినా, వండింది ఎవరని అడగడానికి ముందు, ఆ పూట తిని బాగున్నవాళ్లు ఎవరని అడిగాను. తేలిన కారణాన్ని నింద వేసిన చోటే, నింద వేసినవాళ్ల ముందే చదవాలని ప్రతి డాక్టరుతోనూ పట్టుబట్టాను. కొందరు విసుక్కున్నారు. విసుక్కోనీ. తప్పు లేదని నివేదికలో రాసి పైకి పంపితే ఆ మనిషికి ఆఫీసులో మాత్రమే తప్పు పోతుంది. ఆ మనిషి బతకాల్సింది ఊళ్లో.